అల్లుడికి చూపించని బావి

మా బావ పచ్చయ్యప్ప బతుకంతా బావుల్లోకి తొంగి చూసి జీతం తీసుకున్నాడు. నేనిలా అంటే మా అక్క సుందరవల్లికి ఒళ్ళు మండుతుంది. "ఆయన గవర్మెంటు ఆఫీసులో నీళ్ళ కొలతలు తీసే మనిషి" అని దిద్దుతుంది. సరే, కొలతలు తీసే మనిషే. తొంగి చూసింది మాత్రం బావుల్లోకే కదా.

మాది నేతపని ఇల్లు. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే రోడ్డులో మా ఊరు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం గుంట, ప్రతి గుంటలోనూ ఒక మగవాడి కాళ్ళు. నేను ఆ గుంటలోంచి కాళ్ళు బయటికి లాక్కుని తిరుత్తణి బజారులో నూలు, రంగుల అంగడి పెట్టుకుని అక్కడే ఉండిపోయాను. బావ తిరువళ్ళూరులో నీళ్ళ ఆఫీసులో చేరి, రైలు పట్టాలకు అవతల మణవాళనగర్‌లో ఒక పోర్షను అద్దెకు తీసుకున్నాడు. భూమి కింద నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా చూసే ఆఫీసు అది. ఉద్యోగం పర్మినెంటు కాదు. ఇదిగో చేస్తాం, అదిగో చేస్తాం అంటూ ఏళ్ళు నడిపించారు.

పని వినడానికి తేలిక. తాలూకాలో అక్కడొకటి ఇక్కడొకటి బావులు ఎంచి, గట్టు మీద పెయింటుతో గుర్తు వేశారు. నెలకొకసారి పోయి, స్టీలు టేపు చివర సుద్దముక్క రుద్ది, గుర్తు దగ్గర నిలబడి లోపలికి వదలాలి. పైకి లాగితే సుద్ద ఎంత మేర తడిసిందో తెలుస్తుంది. లెక్క తీసి కార్డులో రాసుకుని రావాలి. అంతే పని. కానీ ఒక బావికీ ఇంకో బావికీ నడుమ ఉండే ఎండ ఏ కార్డులోనూ ఎక్కదు. సైకిలు మా అంగట్లోనే పెట్టేవాడు. పొద్దున రైలు దిగి సైకిలు తీసుకుని పోయి, సాయంత్రం తిరిగి వచ్చేవాడు. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దతో తెల్లగా ఉండేది. బెంచీ మీద కూర్చుని, చెప్పులు విప్పి, "బామ్మర్దీ, ఒక టీ చెప్పప్పా" అనేవాడు. ఆ తర్వాత టీ తాగే ఓపిక కూడా లేనట్టు గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. అలిసిపోవడంలో కూడా నిదానమే ఆయనకు.

మా వీధిలో కూడా ఒక బావి కావాలని ఆఫీసువాళ్ళు అడిగితే బావ మా ఇంటి పెరటి బావినే రాయించాడు. "అత్తగారింటి బావి అయితే కొలతా అవతాది, భోజనమూ అవతాది" అని నేను ఎగతాళి చేశాను. నవ్వాడు. నిజం కూడా అదే. ప్రతి నెలా మొదటి మంగళవారం మిగతా బావులన్నీ చూసుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు మా ఇంటికి చేరేవాడు. ముందు బావి, తర్వాత విస్తరి.

ఇక్కడ మా అమ్మ తిరుమలమ్మ గురించి చెప్పాలి. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడకూడదన్నది మా ఇళ్ళలో పాత పద్ధతి. చాలా ఇళ్ళల్లో అది వదులైపోయింది. మా అమ్మ దగ్గర మాత్రం సడలలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా బావతో ఒక్క మాట నేరుగా ఆడలేదు. తలుపు వెనక నిలబడి, మధ్యలో ఒక మనిషిని పెట్టుకుని, అల్లుణ్ణి అరవంలో మాప్పిళ్ళ అంటూ మాట్లాడేది. "బాలా, మాప్పిళ్ళను ఇంకొంచెం అన్నం పెట్టించుకోమను." నేను లేకపోతే పక్కింటి ఆవిడకు చెప్పేది. ఆవిడ కూడా లేకపోతే పిల్లికి చెప్పేది. పిల్లి వింటుందో లేదో గానీ మా బావ విని "చాలు" అనేవాడు, ఆయనా పిల్లి వైపు చూస్తూనే. ఇంత మర్యాద నాకు నవ్వు తెప్పించేది. ఈ మర్యాదే మా వీధి కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

ఎనభైల మొదట్లో వానలు ముఖం చాటేశాయి. మా వైపు ఐప్పసి, కార్తీక నెలల్లో, దీపావళికి ముందూ వెనకా పడే వాన మీదే ఆధారం. అది ఒక ఏడు సగం పడింది, మరుసటి ఏడు అదీ లేదు. మా ఊరి ఏరు పోయి పూండి చెరువులో కలుస్తుంది. పూండి నీళ్ళు మదరాసుకు పోతాయి. ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేనప్పుడు ఇక పూండికి పోయేదేంటి? మదరాసులో కుళాయిల దగ్గర జనం కొట్టుకుంటున్నారని పేపర్లో చదివి, మా దగ్గర కొట్టుకోవడానికి కుళాయిలు కూడా లేవు కదా అనుకున్నాను.

నేత నేసే ఊళ్ళో నీళ్ళు తాగడానికి మాత్రమే కాదు. రంగు వేసిన నూలు జాడించాలి. పడుగును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, తెల్లవారకముందే కుంచెతో దువ్వాలి. ఇంటిల్లిపాదీ, ఇరుగూ పొరుగూ కూడితే గానీ ఆ పని కాదు. ఎన్ని బిందెల నీళ్ళు పడతాయో చూసినవాళ్ళకే తెలుసు. తాగే నీళ్ళు మాకు మొదటినుంచీ ఏటి చెలమల నుంచే. ఇసుకలో గుంట తీసి, ఊరిన నీళ్ళు కొబ్బరి చిప్పతో బిందెలో పోసుకుని, ఆడవాళ్ళు చాలా దూరం మోసుకొచ్చేవాళ్ళు. గంజికీ రంగుకీ మాత్రం బావి నీళ్ళు. ఆ బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. గంజి పెట్టడం వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకొకసారి అయింది. మా అంగడికి నూలుకు వచ్చేవాళ్ళు, "ఈసారికి వద్దులే బాలన్నా, పోయినసారిదే అట్లే ఉండాది" అనడం మొదలుపెట్టారు.

అప్పుడే బోర్ల సంగతి వచ్చింది. నీళ్ళు బాగా దిగిపోయిన చోట్ల ప్రభుత్వం బోరుబావి వేసి చేతిపంపు పెడుతుందన్నారు. రిగ్గు బండ్లు తక్కువ, ఊళ్ళు ఎక్కువ. ఏ ఊరికి ముందు, ఏ ఊరికి వెనక అనేది తన ఆఫీసు కొలతలు చూసి తేలుస్తారని బావ నాతో అన్నాడు. మా వీధివాళ్ళ సంతోషానికి అంతులేదు. కొలతల సంగతి వాళ్ళకు పట్టలేదు, ఆ ఆఫీసులో ఉండేది మన అల్లుడే, ఇక మనకు రాక ఎవరికి వస్తుంది అనుకున్నారు. బోరు వస్తే మగ్గాలు ఆడతాయి, రాకపోతే ఊరు విడవాలి. అప్పటికే మా ఎదురింటి దండపాణి కుటుంబం మగ్గం విప్పి కవరైపేట్టై వైపు ఏదో కంపెనీలో కూలికి పోయింది.

లిస్టు వచ్చింది. మా ఊరు లేదు.

ఆ సాయంత్రం బావ సైకిలు పెట్టడానికి రాగానే పట్టుకున్నాను.

"ఏం బావా, మా వీధి ఏం పాపం చేసిందప్పా? బావిలో చుక్క లేదని వచ్చినోళ్ళంతా చెప్తా ఉండారే!"

"ఎవరు చెప్పినారు? నేను చూసినాను గదా. అడుగున గుంటలో నీళ్ళుండాయి. నెలనెలా ఉండాయి."

"వాళ్ళంతా అబద్ధం చెప్తా ఉండారా?"

"నేను అట్ల అన్నానా? ఊరోళ్ళకు తక్కువగా కనపడొచ్చు. టేపుకు నీ వీధీ నా వీధీ అని ఉండదు బామ్మర్దీ. తడి యాడిదాకా ఉండాదో ఆడిదాకా చూపిస్తాది."

నాకు ఒళ్ళు మండి, టీ కూడా చెప్పలేదు. సొంత అత్తగారి ఊరికి నీళ్ళు ఒక అడుగు తగ్గించి రాయలేని మనిషి ఏం మనిషి అనుకున్నాను. ఆయన కాసేపు బెంచీ మీద కూర్చుని, తానే పోయి రెండు టీలు చెప్పి, ఒకటి నా ముందు పెట్టి రైలుకు పోయాడు.

మా బావి ఒక వింత అని ఆ రోజుల్లోనే ఆఫీసులో పేరు పడింది. అక్కడ ఇంద్రసేన అనే ఆఫీసరు కరువు మీద పరిశోధన చేస్తుండేవాడు. తెలుగువాడే గానీ మదరాసులో పెరిగాడు, తెలుగు చదవడం రాదు. మంచివాడు. ఒకసారి బావతో పాటు మా అంగడికి వచ్చి ఓపికగా చెప్పాడు. వాన పడకపోతే మనకు ఆకాశంలో వెంటనే కరువు కనపడుతుంది, పొలంలో కొన్నాళ్ళకు కనపడుతుంది, భూమి లోపల మాత్రం చాలా ఆలస్యంగా కనపడుతుంది, వాన వచ్చాక కూడా లోపలి కరువు తొందరగా పోదు. అందుకే ఆయనకు బావుల లెక్కలు కావాలి. తాలూకాలో బావులన్నీ దిగుతున్నాయి. మా ఇంటి బావి ఒక్కటి కొంచెం దిగి, ఇక దిగనని మొరాయించింది. "మీ వీధి కింద రాతిలో ఎక్కడో పగులు ఉండాలి. దూరం నుంచి నీళ్ళు ఊరతా ఉండాయి" అన్నాడు. ఆ పగులు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసి కూడా చూపించాడు. కొండల దాకా పోయింది ఆ గీత.

మా బావి అడుగున, నడిమధ్య, ఒక చిన్న గుంట ఉంది. ఏనాటి కరువులోనో మా తాత తవ్వించింది. గంపను మించి వెడల్పు లేదు. టేపు ఆ గుంటలోకే దిగుతుంది.

ఆ వేసవిలో ఒక మంగళవారం ఎండ మరీ ఎక్కువగా ఉందని బావ తన దారి తిరగేశాడు. మధ్యాహ్నానికి చేరే మా ఊరికి తెల్లారేసరికే పోయి, మిగతా బావులు తిరుగుదారిలో చూసుకుందామనుకున్నాడు. పోయినవాడు తొమ్మిదింటికల్లా మా అంగడికి తిరిగి వచ్చేశాడు. మిగతా బావులు చూడలేదు. బెంచీ మీద కూర్చున్నాడు గానీ చెప్పులు విప్పలేదు.

"ఏమైంది బావా, ఒంట్లో బాగాలేదా?"

"బాగుండాది."

నేను టీ చెప్పబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తానే చెప్పాడు.

"సైకిలు దడి పక్కన నిలబెట్టి పెరట్లోకి చూసినాను. మీయమ్మ, ఇంకా నలుగురు ఆడోళ్ళు బావి గట్టు మీద ఉండారు. బిందెలెత్తి పోస్తా ఉండారు."

"తోడతా ఉండారా?"

"పోస్తా ఉండారప్పా. బావిలోకి."

నాకు అర్థం కాలేదు. బావ నేల వైపు చూస్తూ చెప్పుకుపోయాడు.

"ఏటి నీళ్ళు. చెలమలో నుంచి తెచ్చినవి. ఒకామె 'చాలునా అక్కా' అనింది. మీయమ్మ, 'ఇంకో రెండు పొయ్యి. మాప్పిళ్ళ తొంగి చూస్తే అడుగు కనపడగూడదు. పిల్లనిచ్చిన ఇంట్లో అల్లుడికి ఎండుబావి చూపిస్తామా?' అనింది. ఇంకొకామె, 'పొయిన నెల మా బిందెలే ఎక్కువ' అనింది. అందరూ నవ్వినారు."

అంటే ఆ నెల ఒక్కటే కాదు. బావి ఎండిపోయినప్పటినుంచీ ప్రతి నెలా ఆ మంగళవారం ఇదే తంతు. ఖాళీ బిందెతో ఎదురు రావడమే తప్పనుకునే ఆడవాళ్ళు, అల్లుడు వచ్చి ఖాళీ బావిలోకి తొంగి చూస్తే ఊరుకుంటారా? వాళ్ళకు ఆయన కొలతలు తీసే ఆఫీసు మనిషి కాదు. వీధికి అల్లుడు. తాగే నీళ్ళు మోసుకొచ్చి, గంపంత గుంటలో పోసి, రాతి పగులు పుట్టించారు.

"నువ్వేం చేసినావు?"

"వాళ్ళు పొయ్యేదాకా దడి వెనకాల కూర్చున్నాను. తర్వాత సుమ్మా, ఏమీ తెలీనట్టు, అప్పుడే వచ్చినోడి మాదిరి పొయ్యి టేపు వదిలినాను. తడిసి వచ్చింది. మీయమ్మ తలుపు వెనక నుంచి, 'నీళ్ళుండాయా అడుగు' అని పిల్లికి చెప్పింది. 'ఉండాయి' అన్నాను. గ్లాసుతో నీళ్ళు గడప మీద పెట్టింది. తాగినాను."

ఆ గ్లాసు నీళ్ళ మాట చెప్పి, జేబులోని సుద్దముక్క తీసి వేళ్ళతో నలిపాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. అమ్మ మీదా, ఆడవాళ్ళ మీదా, ఎవరి మీదో తెలియని కోపం.

"ఇప్పుడే పోయి ఆఫీసులో చెప్పు. మా అత్త నీళ్ళు పోసింది, కొలత అంతా తప్పు అని చెప్పు."

"అత్త పేరు ఆఫీసులో ఎత్తుతానా? తాలూకా అంతా చెప్పుకోని నవ్వతారు. మీయమ్మ మళ్ళీ తల ఎత్తుకోని తిరగతాదా?"

"మరి ఊరుకుంటావా? మా వీధికి బోరు?"

"ఊరుకోను" అన్నాడు.

మరుసటి రోజు ఇంద్రసేన దగ్గరికి పోయి, ఆ బావి దగ్గర ఇన్నాళ్ళూ టేపు తానే తప్పు చదివానని చెప్పాడు. గుర్తు చెరిగిపోతే వేరే చోట నిలబడి కొలిచానని, బావి ఎప్పుడో ఎండిపోయిందని, ఆ వీధికి బోరు అవసరమని చెప్పాడు. ఆఫీసరు నమ్మలేనట్టు చూశాడట. తాను గీసిన పగులు కాగితం తీసి, కాసేపు చూసి, సొరుగులో పెట్టేసి, "పరవాల్లేదు పచ్చయ్యప్పా" అన్నాడట. తిట్టి ఉంటే బాగుండేదని బావ నాతో అన్నాడు.

ఆ ఏటి లిస్టు అప్పటికే ముగిసిపోయింది. మా వీధి పేరు మరుసటి ఏటికి రాసుకున్నారు. మా ఇంటి బావిని కొలతల్లోంచి తీసేశారు. బావ పర్మినెంటు సంగతి మళ్ళీ వెనక్కి పోయింది. ఆయన్ను మింజూరు వైపు వేశారు.

మణవాళనగర్ నుంచి మింజూరు పోవాలంటే మదరాసు దాకా ఒక రైలు, అక్కడి నుంచి ఇంకొక రైలు. అక్కడి కరువు వేరే రకం. పొలాల్లో బోర్లు వేసి నీళ్ళు తోడీ తోడీ, ఖాళీ అయిన చోటికి భూమి కిందనుంచి సముద్రం నడిచి వస్తోంది. బావిలో నీళ్ళు నిండుగా ఉంటాయి, నోట్లో పోసుకుంటే ఉప్పు. సీసాల్లో పట్టి ఆఫీసుకు పంపడం బావ పని. ఆ ఊళ్ళో టీ కూడా ఉప్పగా ఉంటుందని, చక్కెర ఎంత వేసినా కింద నుంచి ఉప్పు తగులుతుందని చెప్పేవాడు. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉండేవాళ్ళట. మా అక్క నా మీద విరుచుకుపడింది. "టేపు తప్పు చదివే మనిషా ఆయన? యాడో ఏదో జరిగింది. నువ్వైనా చెప్పకూడదా?" నేను చెప్పలేదు. చెప్పొద్దని బావ నా చేత ప్రమాణం చేయించుకున్నాడు.

మా అమ్మ బాధ ఇంకొక రకం. ఒకరోజు నేను ఊరికి పోతే అన్నం పెట్టి అడిగింది.

"మన బావిని లిస్టులో నుంచి తీసేసినారంటనే? ఏం తక్కువైందిరా? మాప్పిళ్ళకు మా ఇంట్లో ఏమైనా మర్యాద తప్పిందా?"

"ఏం లేదుమ్మా. ఆఫీసు పని."

"నెలకొకసారి వచ్చేవాడు. ఇప్పుడు అదీ లేదు" అని తలుపు వైపు చూసింది.

ఆ ఏడు మా వీధిలో గంజి వాసన రాలేదు. పడుగులు చాపే గూటాలు వీధిలో ఊరికే నిలబడి ఉండేవి. మేకలు కట్టేసుకున్నారు వాటికి. మగ్గాలు విప్పి కొందరు మదరాసు పోయారు, కొందరు తిరుత్తణిలో మూటలు మోశారు. పక్కింటి అలిమేలమ్మ కొడుకూ కోడలూ పోతే ఆమె ఒక్కతే మిగిలింది. మా అమ్మతో పాటు బావిలో ఎక్కువ బిందెలు పోసింది ఆమే. నా అంగట్లో రంగుల డబ్బాలు మూత గట్టిపడి, స్పూనుతో తట్టినా ఊడేవి కావు. పోయిన ఏడే బోరు పడి ఉంటే వీళ్ళలో ఎంతమంది ఉండేవాళ్ళో అని లెక్కేసుకుని, నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి.

మరుసటి వేసవిలో రిగ్గు బండి వచ్చింది. చివరికి నీళ్ళు పడ్డాయిలే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు పొద్దున ఇంద్రసేన జీపులో వచ్చాడు. అక్క, బావ సెలవు పెట్టి వచ్చారు. నేను అంగడి మూసి వచ్చాను. బండి పని మొదలుపెడితే వీధంతా తెల్లటి రాతిపొడి. మిగిలిన జనమంతా ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మా అమ్మ మామూలుగా తలుపు వెనక.

డ్రిల్లు మార్చడానికి బండి కాసేపు ఆపారు. చప్పుడు ఆగిన ఆ కాసేపట్లో ఇంద్రసేన నవ్వుతూ, ఏ చెడ్డ తలంపూ లేకుండా, బావ భుజం తట్టి అందరితో అన్నాడు.

"మీ మాప్పిళ్ళ ఆ రోజుల్లో టేపు సరిగ్గా చదివుంటే ఈ బోరు పోయిన ఏడే వచ్చుండేది. పరవాల్లేదు, ఇప్పుడైనా వచ్చింది గదా."

ఎవరూ నవ్వలేదు. అలిమేలమ్మ నెమ్మదిగా బావ వైపు తిరిగింది.

"ఏం నాయనా? మా పిల్లోళ్ళు ఊరు విడిచిపొయ్యింది దీనికా?"

బావ తల వంచుకుని, "అవునమ్మా, నాదే తప్పు" అన్నాడు. ఏడాదిగా మోస్తున్న మాట కాబట్టి తడుముకోకుండా వచ్చింది.

నేను గడప దగ్గరే ఉన్నాను. లోపలి నుంచి అమ్మ గొంతు వినపడింది.

"బాలా, ఏ బావి కొలత తప్పిందంట?"

ప్రమాణం గుర్తుకొచ్చింది. కానీ అడిగింది బావి పేరు ఒక్కటే.

"మన బావేమ్మా."

అమ్మకు చదువు లేదు గానీ మెదడు ఉంది. తలుపు కదిలింది. అమ్మ గడప దాటింది. కొంగు సర్దుకుని, మగవాళ్ళ నడుమ నుంచి నడిచి, ఇంద్రసేన ఎదుట నిలబడింది.

"అయ్యా, ఆయన తప్పు చదవలేదు. బావిలో నీళ్ళు లేవు. ఆయన వచ్చే రోజు ఏటి నీళ్ళు తెచ్చి పోసింది నేను. అల్లుడికి ఎండుబావి చూపించేదానికి సిగ్గయి పోసినాను. దానికీ బోరుకీ సంబంధం ఉండాదని నాకు తెలీదు."

అలిమేలమ్మ చేతిలోని ఖాళీ బిందెను కింద పెట్టి, దాని పక్కనే కూలబడింది. బిందెలు మోసిన మిగతా ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇంద్రసేన కళ్ళద్దాలు తీసి రాతిపొడి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు.

అమ్మ బావ వైపు తిరిగింది. నడుమ నేను లేను, పిల్లి లేదు, తలుపు లేదు.

"మాప్పిళ్ళా, రండి."

మా బావ ఆ పిలుపుకు అదిరిపోయినట్టు చూసి, వెంట నడిచాడు. నేనూ అక్కా వెనకాలే పోయాం. అమ్మ పెరట్లోకి తీసుకుపోయి, బావి గట్టు దగ్గర పక్కకు తప్పుకుంది.

"తొంగి చూడండి."

అడుగున గుంట నెర్రెలు విచ్చి ఉంది. తెగిపోయిన చేంతాడు ముక్క ఒకటి పడి ఉంది.

"టేపు వదలండి."

"ఈ బావి లిస్టులో లేదత్తా ఇప్పుడు."

"లేకపోతే ఏమి, వదలండి."

ఆయన సెలవు రోజైనా టేపూ సుద్దా ఉండే సంచీ వదిలి రాడు. మోకాళ్ళ మీద కూర్చుని, టేపు చివర సుద్ద రుద్ది, లోపలికి వదిలాడు. అడుగున రాయికి తగిలి టక్కుమంది. లాగాడు. సుద్ద వేసినది వేసినట్టే తెల్లగా పైకి వచ్చింది. అమ్మ వేలితో ఆ సుద్దను తాకి, వేలికంటిన తెలుపును చూసుకుంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"రాసుకోండి" అంది.

కార్డు లేదు. మా బావ జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.